మొహమాటం లేకుండా తప్పు చెప్పే మనిషి ఎక్కడ దొరుకుతారు? (కథలకూ, ఆఫీసు పనికీ)

కోస్గి_కథలు:

అందరికీ నమస్తే. మాది కోస్గి దగ్గర పల్లె, ఉద్యోగం మహబూబ్‌నగర్‌లో ఒక ప్రైవేటు ఆఫీసులో, రాత్రిపూట కథలు రాస్తుంటాను. నా సమస్య ఏంటంటే నా పని ఎలా ఉందో నాకు నిజం చెప్పేవాళ్లు ఒక్కరూ లేరు. కథ రాసి ఫ్రెండ్స్ వాట్సాప్ గ్రూపులో పెడతాను, కాసేపు కూడా కాకముందే "సూపర్ అక్కా", "కన్నీళ్లొచ్చాయి", దండం పెట్టే బొమ్మలు వచ్చేస్తాయి. అంతలో ఆ కథ చదవడమే కుదరదు. అదే కథ పత్రికకు పంపితే జవాబు రాదు, వచ్చినా "ప్రచురణకు స్వీకరించలేకపోతున్నాం" అని ఒక్క లైను. ఇటు ఆకాశానికెత్తే వాళ్లు, అటు ఒక్క లైనుతో పక్కన పెట్టేవాళ్లు, నా కథ అసలు ఎక్కడుందో నాకు తెలియట్లేదు.

ఆఫీసులోనూ అంతే. నెలనెలా రిపోర్టు నేనే రాస్తాను. ఏడాదంతా మా సార్ "ఓకే అమ్మా, బాగుంది" అన్నారు. అప్రైజల్ కాగితంలో మాత్రం "కమ్యూనికేషన్ ఇంప్రూవ్ చేసుకోవాలి" అని ఉంది. ఏ కమ్యూనికేషన్? మెయిళ్లా, మీటింగులో మాట్లాడే తీరా, రిపోర్టా? అడిగితే "అదేం లేదమ్మా, అందరికీ అలాగే రాస్తాం" అన్నారు. నాకు ఇంక్రిమెంట్ తగ్గినందుకంటే ఆ మాటకు ఎక్కువ బాధేసింది. ఎక్కడ తప్పో చెప్పకుండా తప్పుందని మాత్రం రాస్తే నేను ఏం దిద్దుకోను?

మా వాళ్ల ప్రేమను నేను తప్పు పట్టట్లేదు. మా అమ్మకు చదువు రాదు, నేను కథ చదివి వినిపిస్తే "మంచిగుంది బిడ్డా" అంటుంది, ఆ మాట నాకు కావాలి కూడా. కానీ దాంతో కథ బాగుపడదు కదా. ఇక్కడ రాసేవాళ్లు, రకరకాల పనులు చేసేవాళ్లు ఉన్నారు. మీకు నిజం చెప్పే మనిషి ఎలా దొరికారు? ఎలా అడగాలి? ఒకవేళ గట్టిగా చెప్తే తట్టుకునేది ఎలా? ఆ టెన్షన్ కూడా నాకుంది, దాచుకోను.

పుట్టపాక_మగ్గం:

చెల్లె, మాది పుట్టపాక, తేలియా రుమాలు నేసే ఊరు. నాయన మగ్గం మీద కూర్చుంటాడు, నేను డిజైన్లు గీస్తాను. మా పనిలో అడగకపోయినా తప్పు బయటపడుతుంది, బట్టే చెప్పేస్తుంది.

మా పని ఎలా జరుగుతుందో కాస్త చెప్తా, నీ ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. ముందు గ్రాఫ్ కాగితం మీద డిజైన్ గీస్తాం. దాని ప్రకారం నూలును రబ్బరు పట్టీలతో కట్టి, రంగులో ముంచి, కొన్ని కట్లు విప్పి, ఇంకొన్ని కట్టి, మళ్లీ ఇంకో రంగులో ముంచి, ఇదంతా అయ్యాకే నేత. తేలియాకైతే పడుగూ (నిలువు నూలు) పేకా (అడ్డం నూలు) రెండూ కట్టాలి, అంతకు ముందే నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి ఆరబెట్టాలి. కట్టు కాస్త వదులైనా రంగు లోపలికి పాకి పువ్వు అంచు మసకబారుతుంది. నేసేటప్పుడు పేక కొంచెం పక్కకు జరిగిందంటే ఏనుగు తొండం విరిగినట్టు కనపడుతుంది. ఇంత పని ఉంది కాబట్టే దీనికి 2020లో జీఐ (ఫలానా ఊరి సరుకు అని ప్రభుత్వం ఇచ్చే భౌగోళిక గుర్తింపు) వచ్చింది.

ఇప్పుడు మా నాయన నా డిజైన్ చూసే తీరు విను. బాగుంది అనడు, బాగాలేదు అనడు. కాగితాన్ని దూరంగా పట్టుకుని కాసేపు చూస్తాడు, తర్వాత వేలు పెట్టి "ఇక్కడ మూడు గళ్లు ఖాళీ ఉన్నయి, కొంగు మీదికి వచ్చేసరికి బోసిగా కనపడ్తది" అంటాడు. అంతే, కాగితం నా చేతిలో పెట్టేసి వెళ్లిపోతాడు. ఆ మాటతో నేను ఏం చెయ్యాలో నాకు తెలిసిపోతుంది. బాధ కూడా అనిపించదు, ఎందుకంటే ఆయన మాట్లాడింది కాగితం గురించి, నా గురించి ఒక్క ముక్క అనలేదు. అదే సంగతి రంగులో ముంచాక చెప్తే ఆ చీరకు పనికిరాదు, నూలుకు పట్టిన రంగు మళ్లీ పోదు.

అందుకని కథ అంతా అయిపోయి, పత్రికకు పంపే ముందు రోజు ఎవరినీ అడక్కు. అప్పుడు నీకు కావాల్సింది మెప్పే, ఎదుటివాళ్లకూ అది తెలుస్తుంది, అందుకే మెచ్చుకుంటారు. సగంలో ఉన్నప్పుడు చూపించు, ఇంకా మార్చే ఓపిక నీలో ఉన్నప్పుడు.

పిల్లలమర్రి_సార్:

పైన తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం. నేను హైస్కూల్లో తెలుగు చెప్తాను, నోట్సులు దిద్దడం నా బతుకు. పిల్లవాడి వ్యాసం కింద ఎర్ర సిరాతో "ఇంకా బాగా రాయాలి" అని రాస్తే వాడికి ఏమీ అందదు. "కురుమూర్తి జాతరకు పోయానన్నావు, అక్కడ నువ్వేం కొనుక్కున్నావో రాయలేదు" అని రాస్తే, మళ్లీ రాసినప్పుడు మట్టి బొమ్మలు, ఈలలు, వాళ్ల నాయనమ్మ బేరమాడిన తీరు అన్నీ రాసుకొస్తాడు. పిల్లవాడు వాడే, తెలివీ అదే, వాడికి నేనిచ్చిన మాట మాత్రం వేరు.

ఇంకో సంగతి చెప్తానమ్మా, నీ అప్రైజల్‌కు కూడా పనికొస్తుంది. 1988లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు ఇజ్రాయెల్‌లో బడిపిల్లల మీద ఒక అధ్యయనం అచ్చువేసింది. కొందరికి మార్కులు మాత్రమే ఇచ్చారు, కొందరికి పని మీద వ్యాఖ్య మాత్రమే రాశారు, మిగతావాళ్లకు మార్కూ వ్యాఖ్యా రెండూ ఇచ్చారు. వ్యాఖ్య మాత్రమే అందుకున్న పిల్లలే మెరుగయ్యారు. రెండూ అందుకున్నవాళ్ల సంగతి మార్కులు మాత్రమే అందుకున్నవాళ్లలాగే అయింది. నా తరగతిలో ఇది రోజూ చూస్తాను, పేపరు చేతికివ్వగానే మార్కు చూసుకుంటారు, పక్కవాడి మార్కు చూస్తారు, నేను కష్టపడి రాసిన నాలుగు లైన్లు ఎవరూ చదవరు. మీ ఆఫీసులో అప్రైజల్, ఇంక్రిమెంటు, సలహా అన్నీ ఒకే కాగితంలో ఒకే రోజు పెడితే ఎవరి చూపైనా అంకె మీదికే పోతుంది. సలహా కావాలంటే ఆ రోజు కాకుండా వేరే రోజు అడుగు.

పానగల్లు_గట్టు:

అందరూ నిజం చెప్పడం మంచిది అంటున్నారు కాబట్టి నేను అడ్డం మాట్లాడతాను, ఏమీ అనుకోవద్దు.

మా ఇంటర్ కాలేజీలో ఒక అమ్మాయి ఉండేది, బతుకమ్మ పాటలు ఎత్తుకుంటే వాడకట్టు అంతా బయటికి వచ్చేది. యాన్యువల్ డేకు స్టేజీ మీద పాడింది, మైకుకు అలవాటు లేక శృతి కొంచెం తప్పింది. అందరి ముందే ఒక లెక్చరర్ "నిజం చెప్తే ఏమనుకోకు, నీ గొంతు స్టేజీకి పనికిరాదు" అన్నారు. ఆమె మళ్లీ మైకు పట్టలేదు. పండక్కి ఊరికి వచ్చినా పక్కన నిలబడి చప్పట్లు కొడుతుంది, పాట ఎత్తుకోదు. అది నిజమా? మైకు ఎంత దూరం పెట్టుకోవాలో చెప్తే సరిపోయేది. "నేను ఉన్నదున్నట్టు మాట్లాడే మనిషిని" అని చెప్పుకుంటూ ఎదుటివాళ్లను తొక్కేవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. వాళ్ల మాటను నిజమని నెత్తిన పెట్టుకోవద్దు అక్కా. ఎవర్ని అడగాలో చూసుకునే ముందు ఎవర్ని అడక్కూడదో చూసుకో.

పిల్లలమర్రి_సార్:

ఇది అడ్డం మాట కాదు, తప్పకుండా చెప్పాల్సిన మాట. పరిశోధనలోనూ ఇదే తేలింది. 1996లో క్లూగర్, డినిసి అనే ఇద్దరు పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన చాలా అధ్యయనాలు కలిపి చూశారు. మొత్తం మీద ఫీడ్‌బ్యాక్ మేలే చేసింది, కానీ మూడో వంతు కంటే ఎక్కువ సందర్భాల్లో ఫీడ్‌బ్యాక్ ఇచ్చాక పని ఇంకా దిగజారింది. మనిషి ధ్యాస పని మీద నుంచి "నేను ఎలాంటివాణ్ణి" అనే దాని మీదికి మళ్లితే ఆ మాట పనిచెయ్యదు అని వాళ్ల వివరణ. ఆ అమ్మాయికి జరిగింది అదే. శృతి గురించి చెప్పాల్సిన చోట గొంతు గురించి చెప్పారు. గొంతును ఎవరు మార్చుకోగలరు?

బీచుపల్లి_వంతెన:

గద్వాల నుంచి. పానగల్లు అన్న మాట చదివితే మా వైపు సురవరం ప్రతాపరెడ్డి గారు గుర్తొచ్చారు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యం, అంటే సున్నా, అని ఒకాయన రాస్తే సురవరం ఆవేశపడి తిట్టుకుంటూ కూర్చోలేదు. ఊరూరి నుంచి కవుల వివరాలు, పద్యాలు తెప్పించి 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేశారు. 354 మంది కవులు అందులో ఉన్నారు. చదివి చెప్పిన విమర్శ అయితే ఈ పద్యంలో యతి తప్పింది, ఈ వర్ణన అరువు తెచ్చుకున్నది అంటుంది. చదవకుండా చెప్పింది అయితే మీవాళ్లకు రాదు అంటుంది. మొదటి రకానికి దిద్దుకుని జవాబు చెప్పాలి, రెండో రకానికి ఇంకా ఎక్కువ పని చేసి చూపించాలి. అక్కా, నీకు ఎవరైనా "పాలమూరు యాసలో రాస్తే ఎవరు చదువుతారు" అంటే అది రెండో రకం అని గుర్తుపెట్టుకో.

మిర్యాలగూడ_టు_మాదాపూర్:

కథల సంగతి నాకు తెలియదు, ఆఫీసు వరకు చెప్తా. నేను ఒక టీమ్ చూసుకుంటాను. మా దగ్గరికి వచ్చి "సార్, ఫీడ్‌బ్యాక్ ఇవ్వండి" అంటే నిజంగా నోటికి ఏమీ రాదు. పొద్దుట్నుంచి మీటింగులు, ఎవరి రిపోర్టులో ఏముందో ఎవరికి గుర్తుంటుంది? పైగా ఎదురుగా ఉన్న మనిషిని నొప్పించాలని ఎవరికీ ఉండదు, అందుకే "అంతా బాగుంది, కంటిన్యూ" అనేస్తాం. మీ సార్ చెడ్డవాడు అయ్యుండడు, మొహమాటస్తుడు అయ్యుంటాడు.

మా టీమ్‌లో ఒక అబ్బాయి, దేవరకొండ వాడు, వేరేలా అడిగాడు. తను పంపిన ఒక మెయిల్ ప్రింట్ తీసుకుని వచ్చి, "సార్, ఇది చదువుతుంటే మీరు ఎక్కడ ఆగిపోయారు? ఎక్కడ రెండోసారి చదవాల్సొచ్చింది?" అన్నాడు. అప్పుడు నాకు చెప్పడం సులువైపోయింది. "అసలు విషయం నాలుగో పేరాలో ఉంది, నేను మొదటి పేరా చదివి మీటింగుకు పోతాను, నాకు కావాల్సింది పైన పెట్టు" అన్నాను. తర్వాతి మెయిల్ నుంచే మారిపోయింది. ఇప్పుడు కొత్తవాళ్లకు అతని మెయిళ్లే చూపిస్తున్నాం. కోస్గి మేడం, పోయిన నెల రిపోర్టు ఒకటి పట్టుకుని ఈ రెండు ప్రశ్నలు అడిగి చూడండి. అంకె రాసే రోజు కాకుండా మామూలు రోజు, లంచ్ తర్వాత. సార్ చెప్పింది వింటున్నప్పుడు "అది ఎందుకంటే సార్" అని మధ్యలో సర్దిచెప్పుకోవద్దు, రాసుకోండి అంతే. ఒక్కసారి సర్దిచెప్పుకుంటే ఆయన మళ్లీ "బాగుంది"లోకి వెళ్లిపోతారు.

కోస్గి_కథలు:

ఇన్ని మాటలు వస్తాయనుకోలేదు, అందరికీ థాంక్స్. రిపోర్టు సంగతి సోమవారమే అడుగుతాను. పుట్టపాక అన్న సగంలో చూపించమన్నాడు కాబట్టి ఇప్పుడు రాస్తున్న కథలో మొదటి పేరా ఇక్కడే పెడుతున్నాను. ధైర్యం చేసి పెడుతున్నాను, చదివి చెప్పండి:

"ఆ రోజు ఆకాశం కూడా ఏడుస్తున్నట్టు ఉంది. గుండెలు పిండేసే ఆ నిశ్శబ్దంలో, వలస అనే రాక్షసి నోట్లోకి వెళ్లబోతున్న ఎల్లమ్మ కన్నీళ్లు ఆపుకోలేకపోయింది. బొంబాయి బస్సు వచ్చి ఆగింది. పిల్లగాడు మోసుకొచ్చిన సద్దిమూట అందుకుని, అక్కడే విప్పి, రెండు జొన్నరొట్టెలు తీసి వాడి చేతిలో పెట్టి, మళ్లీ మూట కట్టుకుంది. పేదరికం ఎంత క్రూరమైనదో ఆ తల్లికి తప్ప ఎవరికి తెలుసు!"

చదువరి_నల్లగొండ:

ఇన్నాళ్లూ ఈ గ్రూపులో చదవడమే తప్ప రాయలేదు. కథలు చదవడం నా పిచ్చి, చాలా ఏళ్లుగా కొత్త రచయితల రాతప్రతులు చదివి అభిప్రాయం రాసి పంపుతుంటాను. అమ్మా, నీ పేరా నాలుగైదు సార్లు చదివాను. వాక్యం వాక్యం చెప్తాను.

రొట్టెల వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. తన దారి తిండిలోంచి రెండు తీసి పిల్లవాడికి ఇచ్చింది, ఇచ్చి మూట మళ్లీ కట్టుకుంది. "మళ్లీ మూట కట్టుకుంది" అన్నావు చూడు, అక్కడ నాకు ఆమె చేతులు కనపడ్డాయి. ఎంత దూరం పోతుందో, ఎన్ని పూటలకు ఆ మూట సరిపోవాలో, అన్నీ అందులో ఉన్నాయి. ఈ ఒక్క వాక్యం రాయగలిగినవాళ్లు కథ రాయగలరు, అందులో నాకు అనుమానం లేదు.

మిగతా వాక్యాలు దాని నోరు నొక్కుతున్నాయి. ఆకాశం ఏడవడం నేను చాలా కథల్లో చదివాను, అది నువ్వు చూసింది కాదు. వలస సీజన్‌లో కోస్గిలో ఆకాశం ఎట్లా ఉంటుందో నాకంటే నీకే బాగా తెలుసు, ఎండ ఉంటే ఎండ అనే రాయి. బొంబాయి బస్సు వచ్చే చోట నిశ్శబ్దం ఎట్లా ఉంటుంది? ఇంజన్ మోత, కండక్టర్ కేకలు, టాపు మీదికి మూటలు విసిరే మగవాళ్లు, ఏడ్చే పిల్లలు ఉంటారు కదా. "వలస అనే రాక్షసి" ఉపన్యాసంలో మాట, బస్సు ఎక్కబోయే ఎల్లమ్మ మనసులో ఆ మాట ఉండదు. ఇక చివరి వాక్యం తప్పకుండా తీసెయ్యి. రొట్టెలు ఇచ్చాక నాకు పేదరికం అర్థమైంది, మళ్లీ నువ్వు చెప్తే నా మీద నీకు నమ్మకం లేనట్టు ఉంది.

ఒక చిన్న సందేహం కూడా. పిల్లగాడి వయసు తెలియట్లేదు. మూట మోసుకొచ్చాడు కాబట్టి ఏడెనిమిదేళ్లు అనుకున్నాను, సరేనా?

పానగల్లు_గట్టు:

నేను ఇలాంటి మాటకు అడ్డం చెప్పను. "నిజం చెప్తే ఏమనుకోకు" అనకుండానే అంతా చెప్పారు.

కోస్గి_కథలు:

చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. మెచ్చుకున్న వాక్యం దగ్గర సంతోషం, మిగతా నాలుగింటి దగ్గర కొంచెం గుచ్చుకుంది, ఉన్న మాటే చెప్తున్నాను. కానీ మళ్లీ పేరా చూసుకుంటే మీరు చెప్పిన చోట్లన్నీ నాకూ కనపడ్డాయి, ఇంతకు ముందు ఎందుకు కనపడలేదో మరి. ఇలా మార్చాను:

"బస్సు టాపు మీదికి మూటలు ఎక్కిస్తున్నారు. ఎల్లమ్మ ఎండకు కొంగు నెత్తిన వేసుకుని, పిల్లగాడు మోసుకొచ్చిన సద్దిమూట అందుకుంది. అక్కడే విప్పి, రెండు జొన్నరొట్టెలు తీసి వాడి చేతిలో పెట్టి, మళ్లీ మూట కట్టుకుంది. 'అవ్వ తిట్టినా మర్ల మాట్లాడకు' అన్నది."

వయసు చెప్పలేదు, కావాలనే. తర్వాతి పేజీలో వాడు అవ్వ ఇంట్లో తన తమ్ముణ్ణి ఎత్తుకునే చోట తెలుస్తుంది, అప్పటిదాకా ఆగితేనే బాగుంటుందని నాకనిపిస్తోంది. ఇది మాత్రం ఉంచుకుంటాను సార్.

చదువరి_నల్లగొండ:

ఉంచుకో, కథ నీది. నేను ఎక్కడ ఆగానో చెప్పగలను కానీ నువ్వు ఎక్కడికి పోతున్నావో నాకు తెలియదు కదా. "మర్ల మాట్లాడకు" చాలా బాగుంది, ఇంతకు ముందు ఈ పేరాలో ఎల్లమ్మ గొంతే లేదు, ఇప్పుడు వినపడుతోంది. "ఎండకు కొంగు నెత్తిన వేసుకుని" కొంచెం అడ్డం పడుతోంది, బయటికి చదివి చూడు, ఊపిరి ఎక్కడ తెగుతుందో తెలుస్తుంది.

మిగతా కథ కూడా పంపితే చదువుతాను. కానీ మూడు సంగతులు. ఒకేసారి ఐదారు పేజీల కంటే ఎక్కువ వద్దు. పంపేటప్పుడు నీకు ఎక్కడ అనుమానంగా ఉందో పైన ఒక్క లైను రాయి, నేను అక్కడ ఎక్కువసేపు కూర్చుంటాను. మూడోది, నాది ఒక్కడి అభిప్రాయం, కోస్గి వైపు నుంచి వలస పోయి వచ్చిన వాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకూ చదివి వినిపించు. బస్సు దగ్గర జరిగే సంగతుల్లో నేను పట్టుకోలేని తప్పు వాళ్లు పట్టుకుంటారు.

కోస్గి_కథలు:

మా అమ్మ పెళ్లికి ముందు రెండేళ్లు పుణె పోయొచ్చింది. మంచిగుందా అని కాకుండా, బస్సు దగ్గర ఇట్లనే ఉంటుందా అని అడుగుతాను.